20 అడుగుల ఫైబర్ బోటు, వైజాగ్ నుంచి నాగార్జునసాగర్‌కు లారీలో: ఎలా సిద్ధం చేయాలి?

రుషికొండ_నావ:
అందరికీ నమస్కారం. ఫిషింగ్ హార్బర్‌లో 20 అడుగుల ఫైబర్ బోటు ఉంది. వెడల్పు 6 అడుగులు, 40 హెచ్‌పీ టూస్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్). సాగర్ పంపాలి. 22 అడుగుల ఓపెన్ బాడీ లారీ మాట్లాడాం. పాత టైర్లు పరిచి, పైన బోటు పెట్టి తాళ్లతో లాగి కడితే చాలని లారీవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఇంజిన్ దించాలా, ఉంచొచ్చా? వానలు కూడా పడుతున్నాయి.

హార్బర్_ఇంజిన్:
ఇంజిన్ దించాల్సిందే. 70 కిలోల బరువు అమరం (బోటు వెనక భాగం) చివర వేలాడుతూ గతుకుల్లో ఊగితే ట్రాన్సమ్ పలక (ఇంజిన్ బిగించే వెనక పలక) మూలల్లో ఫైబర్ చిట్లుతుంది. దించే ముందు మంచినీళ్లు ఎక్కిస్తూ పది నిమిషాలు నడపండి. ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే కవాటం) తెరుచుకుంటే గానీ లోపలి ఉప్పు కడగబడదు. ఆఖర్న పెట్రోలు పైపు పీకేసి, దానంతటదే ఆగేదాకా వదిలేయండి. కార్బురేటర్లో పెట్రోలు మిగిలితే అది ఆవిరైపోయి, కలిపిన ఆయిల్ జిగురై జెట్లను (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలను) మూసేస్తుంది.

దించాక నిలువుగానే ఉంచి నీళ్లు కారనివ్వండి. ఇంజిన్ స్టార్ట్ కాకుండా కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే స్విచ్) క్లిప్పు తీసేసి స్టార్టర్ తాడు మెల్లగా రెండు మూడుసార్లు లాగితే పంపులో మిగిలినదీ వచ్చేస్తుంది. లారీలో పడుకోబెట్టినప్పుడు ఇంజిన్ తల గేర్‌బాక్స్ కన్నా కిందికి పోకూడదు. పోయిందా, ఇంజిన్ కాలులో (నీళ్లలో మునిగే కింది భాగంలో) నిలిచిన నీళ్లు ఎగ్జాస్ట్ దారిన సిలిండర్లోకి దిగుతాయి. (ఫోర్‌స్ట్రోక్ వాళ్లు మాన్యువల్ చెప్పిన వైపే పడుకోబెట్టాలి, లేకపోతే ఆయిల్ సిలిండర్లకెక్కుతుంది.)

ప్రొపెల్లర్ తీసేటప్పుడు వాషర్ల వరుస ఫొటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్ప్లిట్ పిన్ను వాడండి. ట్రాన్సమ్ బోల్టు రంధ్రాలకు దారిలో టేపు, బిగింపులో మెరైన్ సీలెంట్. లోపల ప్లైవుడ్ ఉంటే తడి తగిలి కుళ్లిపోతుంది.

గాజువాక_లోడింగ్:
టైర్ల మాట వినకండి. గతుకు వచ్చినప్పుడల్లా టైరు నొక్కుకుంటుంది, ఆ క్షణం తాడు వదులవుతుంది, బోటు పక్కకు జరుగుతుంది.

బరువు మోయాల్సింది కీల్ (బోటు అడుగున పొడవునా ఉండే వెన్నుగట్టు). 6 అంగుళాల చెక్క దిమ్మలను మూడు నాలుగు అడుగులకొకటి చొప్పున కీల్ కింద పెట్టండి, పైన రబ్బరు షీటు వేయండి. ఒక దిమ్మ కచ్చితంగా ట్రాన్సమ్ కిందే ఉండాలి. పక్క దిమ్మల పని బోటు ఒరగకుండా చూడటం మాత్రమే, వాటినీ లోపల రిబ్ (బలానికి వేసిన పట్టీ) ఉన్న చోటే పెట్టండి. వేలి కణుపుతో కొట్టి చూడండి: రిబ్ మీద గట్టి చప్పుడు, మధ్యలో డొల్ల చప్పుడు. డొల్లగా ఉన్నచోట దిమ్మ పెడితే జెల్‌కోట్ (ఫైబర్ పైనున్న నున్నటి పూత) నక్షత్రంలా పగులుతుంది.

నైలాన్ తాడు తడిస్తే ఇంకా సాగుతుంది. 2 అంగుళాల పాలిస్టర్ రాచెట్ బెల్టులే (పిడి తిప్పి బిగించేవి) మేలు: అడ్డంగా నాలుగు, అణియం (బోటు ముందు భాగం) రింగు నుంచి ముందుకొకటి, వెనక్కొకటి. బెల్టు బోటు అంచు మీద వంగేచోట పాత ఫైర్ హోస్ ముక్క వేయండి. అతిగా బిగిస్తే రెండు అంచులూ లోపలికి నొక్కుకుంటాయి, అందుకే బెల్టు కింద లోపల రెండు అంచుల మధ్య అడ్డంగా ఒక చెక్కను ఊతగా పెట్టండి. క్రేన్‌తో ఎత్తేటప్పుడూ అంతే: రెండు వెడల్పు బెల్టులు, పైన స్ప్రెడర్ బార్ (బెల్టులను ఎడంగా పట్టి ఉంచే కడ్డీ). గొలుసు నేరుగా తగలనివ్వొద్దు.

రుషికొండ_నావ:
చాలా ఉపయోగం. వానకు టార్పాలిన్ కప్పాలా? కాగితాలు?

భీమిలి_తీరం:
వదులు టార్పాలిన్ గాలికి కొట్టుకుని జెల్‌కోట్‌ను గరుకు చేస్తుంది. నా ఓటు కప్పకపోవడానికే. పందిరి, యాంటెన్నా, లైట్లు ముందే విప్పేయండి. డ్రెయిన్ ప్లగ్గు (బోటు వెనక అడుగున నీళ్లు పోయే రంధ్రం మూత) తీసి, అణియం నాలుగంగుళాలు ఎత్తులో ఉంచండి. మీ బోటులో 5 సెంటీమీటర్ల వాన నిలిచినా దాదాపు 400 కిలోల అదనపు బరువు. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి పంపండి. బ్యాటరీకి నెగెటివ్ ముందు విప్పి, టెర్మినళ్లకు టేపు వేసి నిలబెట్టి కట్టండి.

కాగితాలంటే, సాగర్ లోతట్టు నీళ్లు. సముద్రపు రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకోకుండా ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 కింద ఏం కావాలో ముందే కనుక్కోండి. రవాణా బీమా విడిగా అడగండి.

గాజువాక_లోడింగ్:
బెల్టులు మొదటి 40 కిలోమీటర్లలోనే వదులవుతాయి, దిమ్మలు సర్దుకునేది అప్పుడే. అనకాపల్లిలో ఆపి మళ్లీ బిగించమని డ్రైవరుకు చెప్పండి, తర్వాత తునిలో, రాజమండ్రిలో. తీసిన డ్రెయిన్ ప్లగ్గును మాత్రం ఇంజిన్ టిల్లర్‌కే (తిప్పే పిడికే) తాడుతో కట్టేయండి, ఇంజిన్ బిగించేటప్పుడు చేతికి తగులుతుంది.