పూతకు తేనెపెట్టెలు పెడితే చాలా? పువ్వును చదివే బాటనిస్టులు కూడా కావాలా?

మన్యం_మొక్క (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను బాటనీలో రీసెర్చ్ స్కాలర్‌ని. ఏ పువ్వు మీద ఏ పురుగు వాలుతోంది, దానివల్ల కాయ కడుతోందా లేదా అని చూడటం నా పని. ఈమధ్య ఒక రైతు సమావేశంలో వేదిక మీద ఉన్న పెద్దాయన, "పూతలో తేనెపెట్టె పెడితే కాయ అదే నిలుస్తుంది, దానికి పీహెచ్‌డీలు దేనికి?" అన్నారు. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ మాట తప్పని నా వాదన. ఇక్కడ తేనెటీగలు పెంచేవాళ్లు, రైతులు, లెక్చరర్లు అందరూ ఉన్నారు, అందుకే మీ ముందు పెడుతున్నాను.

ఒక్క వంగపువ్వు చాలు నా మాట రుజువు కావడానికి. అందులో పుప్పొడి సంచులు పసుపుపచ్చగా, పొడుగ్గా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చాలా పూలలో లాగా అవి నిలువునా పగలవు, కొసన సన్నటి రంధ్రాలు మాత్రమే తెరుచుకుంటాయి. పుప్పొడి బాగా రాలాలంటే ఎవరో పువ్వును పట్టుకుని అదరగొట్టాలి. తుమ్మెద ఆ పని చేస్తుంది. పువ్వును కాళ్లతో వాటేసుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలను మాత్రం అదిరిస్తుంది. ఝుమ్మనే మోత ఒక్కసారి హెచ్చుతుంది, పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉండే ట్యూనింగ్ ఫోర్క్ మోగించి పువ్వుకు ఆనించి చూడండి, పుప్పొడి పొగలా రాలడం కళ్లారా కనిపిస్తుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. వంగతోటలో ఎన్ని పెట్టెలు పెట్టినా తుమ్మెద లేని లోటు లోటే. ఆ తుమ్మెద గూడు పెట్టేది ఎండు కొయ్యలో. గట్టు మీద మొద్దులన్నీ పొయ్యిలోకి పోతే అదెక్కడ ఉంటుంది? ఇది రైతుకు చెప్పడానికి పువ్వు దగ్గర కూర్చున్న మనిషి ఒకరు ఉండాలి.

తేనెపట్టు_కృష్ణా

చెల్లెమ్మా, వంగపువ్వు సంగతి బాగా చెప్పావు. కానీ వంగకు తనంతట తనకే కొంత కాయ కడుతుంది, తుమ్మెద రాకపోతే రైతు మునిగిపోడు. పుచ్చ తీసుకో. ఆడపువ్వు విచ్చేది ఒక్కరోజే. ఆ పూట దాని మీద తేనెటీగలు చాలాసార్లు వాలాలి, లేకపోతే కాయ ఒక పక్క ఉబ్బి ఒక పక్క నొక్కుకుపోతుంది. అలాంటి కాయను మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. పుచ్చ రైతు ఫోన్ చేస్తే నేను రాత్రికి రాత్రి పెట్టెలు దింపుతాను, ఆ సీజన్‌లోనే ఫలితం కనబడుతుంది. నీ పరిశోధన ఫలితం ఎన్నేళ్లకు వస్తుంది?

ఇంకో మాట. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ జబ్బు వచ్చి దక్షిణాదిలో మన నాటు తేనెటీగల పెట్టెలు తుడిచిపెట్టుకుపోయాయి. మా నాన్నగారి పెట్టెలు కూడా ఖాళీ అయ్యాయి. 1960లలో పంజాబ్‌కు తెచ్చిన ఇటాలియన్ ఈగ వల్లే మాలాంటివాళ్లం మళ్లీ నిలబడ్డాం. 2020లో కేంద్రం తేనె మిషన్‌కు 500 కోట్లు ప్రకటించింది. ఇన్నాళ్లకు మా వైపు చూశారు. ఆ డబ్బు పెట్టెలకు కాకుండా థీసిస్‌లకు పోవాలంటే నేను ఒప్పుకోను.

పెదవేగి_రైతు

కృష్ణా అన్నా, పుచ్చ విషయంలో నువ్వన్నది నిజం. మాది ఆయిల్‌పామ్ తోట. మా చెట్టుకు నీ పెట్టె ఎందుకూ పనికిరాదు.

ఆయిల్‌పామ్‌లో మగ గెల, ఆడ గెల ఒకే చెట్టుకు వేర్వేరు సమయాల్లో వస్తాయి. చాలాకాలం అందరూ దీనికి గాలే పుప్పొడి మోస్తుందనుకున్నారు. మలేసియాలో పెద్ద పెద్ద ఎస్టేట్లలో కూలీలను పెట్టి చేత్తో పుప్పొడి చల్లించేవారు. ఆఫ్రికాలో ఈ చెట్టు పుట్టిన చోట మాత్రం ఎవరూ చల్లకుండానే గెలలు నిండుగా ఉన్నాయి. ఎందుకలా అని అడిగినవాళ్లు ఉండబట్టే కామెరూన్‌లో ఆ పూల మీద బతికే చిన్న ముక్కుపురుగు బయటపడింది. అది మిగతా పంటలను పాడుచేయదని పరీక్షించి 1981లో మలేసియాలో వదిలారు. చేత్తో పుప్పొడి చల్లే పని ఆగిపోయింది, గెలలో గింజ పెరిగింది. తర్వాత కొన్నేళ్లకు ఆ పురుగును కేరళకు తెచ్చారు, అక్కడి నుంచి మన తోటలకు వచ్చింది.

ఉదయం పూట మగ గెల దగ్గర నిలబడితే సోంపు లాంటి వాసన వస్తుంది, పురుగులు ముసురుతుంటాయి. వాటి పిల్లలు పెరిగేది వాడిపోయిన ఆ మగ గెలలోనే. మా పక్క తోటాయన శుభ్రం పేరుతో మగ గెలలన్నీ కోసి బయట పారేసేవాడు. పెదవేగిలోనే ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది కాబట్టి అది తప్పని అడిగి తెలుసుకునే వీలు మాకు కలిగింది. అన్ని పంటలకూ ఆ అదృష్టం లేదు.

సీడ్‌ప్లాట్_నంద్యాల

నేను మీ అందరితోనూ విభేదిస్తున్నాను. పురుగు మీద ఆధారపడితే మనం పురుగు దయ మీద బతకాలి. నంద్యాల, గద్వాల వైపు సీడ్ పత్తి (హైబ్రిడ్ విత్తనం కోసం వేసే పత్తి) చూడండి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి పుప్పొడి కాడలు తీసేస్తారు, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి కీలాగ్రానికి (పువ్వులో పుప్పొడి అందుకునే కొసకు) రాస్తారు. ఒక్క మగ పువ్వుతో నాలుగైదు ఆడ పూలకు క్రాసింగ్ అయిపోతుంది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ గారు హెచ్-4 హైబ్రిడ్ పత్తి విడుదల చేసిన నాటి నుంచి ఇదే పద్ధతి. బాటనీ చదివినవాళ్లకు ఈ రోజు జీతమిచ్చే ఉద్యోగాలు కూడా ఇక్కడే ఉన్నాయి: బ్రీడింగ్, సీడ్ టెస్టింగ్, ప్రొడక్షన్. మన్యం_మొక్క గారు, మీకు పీహెచ్‌డీ తర్వాత ఉద్యోగం ఎక్కడుంది? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పిల్లల్ని అడవుల్లోకి పంపడం న్యాయమా?

మన్యం_మొక్క

ఉద్యోగం ప్రశ్న న్యాయమైనదే, దాచను. లెక్చరర్ ఉద్యోగానికి, ఫెలోషిప్‌కు రాసే నెట్ పరీక్షలో బాటనీకి విడిగా పేపర్ లేదు. లైఫ్ సైన్సెస్ పేరుతో బయోకెమిస్ట్రీ, జువాలజీ వాళ్లతో కలిసి రాయాలి. మొక్కను చూసి పేరు చెప్పగలిగిన పిల్లకు అక్కడ అదనంగా వచ్చే మార్కులు తక్కువ. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000. రాకపోతే ప్రాజెక్టు ఉన్నంతకాలమే తిండి. ఆ టెన్షన్‌తో నా క్లాస్‌మేట్స్ చాలామంది ఫీల్డ్ వదిలేశారు.

కానీ సీడ్ పత్తి పొగడ్త నాకు మింగుడు పడదు. పువ్వు పువ్వుకూ మనిషి వేలు కావాల్సిన ఆ పనిలోకి ఏళ్ల తరబడి బడి ఈడు ఆడపిల్లల్ని దించారు. పురుగు చేసే పనికి ఖరీదు ఎంతో తెలుసుకోవాలంటే పురుగు లేని చోట ఎవరి చేత చేయించుకున్నామో చూడాలి.

రిటైర్డ్_బాటనీ_మాస్టారు

అమ్మాయ్, సీడ్ కంపెనీ బాబూ, ఇద్దరూ కాస్త వినండి. పంట పరిశోధన వేరు, అడవి మొక్కల పరిశోధన వేరు అన్నట్టు మాట్లాడుతున్నారు. చెరకు సంగతి చూడండి. కోయంబత్తూరులో చెరకును మన ఏటి ఒడ్డున పెరిగే రెల్లుగడ్డితో సంకరం చేసి 1918లో కో 205 విడుదల చేశారు. తీపిలేని గడ్డి నుంచి తట్టుకునే బలం, చెరకు నుంచి తీపి వచ్చాయి. అదే కేంద్రంలో తర్వాత బాటనిస్టు జానకీ అమ్మాళ్ చెరకు, దాని చుట్టాల క్రోమోజోములు చూశారు. సాగుమొక్కల క్రోమోజోముల పట్టిక డార్లింగ్‌టన్‌తో కలిసి 1945లో వేశారు, తర్వాత నెహ్రూ పిలుపు మీద వచ్చి బొటానికల్ సర్వేను తిరిగి నిర్మించే పని చేపట్టారు. రెల్లుగడ్డిని కలుపుమొక్కగా మాత్రమే చూసేవాళ్లు మిగిలితే కో 205 పుట్టేదే కాదు.

మన దగ్గరికే వస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి గారు, ఆ తర్వాత ఎ.జె. సోలమన్ రాజు గారు దశాబ్దాల పాటు తూర్పు కనుమల మొక్కల పరాగ సంపర్కం మీదే పనిచేశారు. ఎర్రచందనం పువ్వు ఎలా విచ్చుకుంటుంది, ఏ తేనెటీగలు వస్తాయి అన్నది ఆ బృందం 2002లో అచ్చువేసింది. శేషాచలంతో పాటు తూర్పు కనుమల దక్షిణ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. దుంగల లెక్క పోలీసులు రాస్తారు. మళ్లీ విత్తనం ఎలా కడుతుందన్న లెక్క ఎవరు రాయాలి? నాకు బాధేమిటంటే, నేను పాఠం చెప్పిన కాలేజీల్లో ఇప్పుడు బాటనీకి చేరే పిల్లలే కరువయ్యారు.

తేనెపట్టు_కృష్ణా

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ ఒకటి అడుగుతాను. పురుగుల పని చూడటానికి వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కీటకశాస్త్రం వాళ్లు ఉన్నారు. తేనెటీగలు, పరాగ కీటకాల మీద దేశవ్యాప్తంగా సమన్వయ ప్రాజెక్టు కూడా ఉంది. మళ్లీ బాటనిస్టులు ఎందుకు?

మన్యం_మొక్క

అన్నా, పువ్వు మీద వాలిన ప్రతి పురుగూ పుప్పొడి అంటించదు. కొన్ని పక్క నుంచి బెజ్జం చేసి తేనె తాగి పోతాయి. అది తేలాలంటే పువ్వు ఎప్పుడు విచ్చింది, కీలాగ్రం ఎప్పుడు తడిగా ఉంది, పుప్పొడి ఎప్పటిదాకా సజీవం అన్నది తెలియాలి. అది బాటనీ పని. ఇద్దరూ ఒకే చెట్టు కింద కూర్చోవాలి.

2013లో సైన్స్ పత్రికలో గరిబాల్డి బృందం పరిశోధన వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 41 పంట వ్యవస్థలు చూశారు. అడవి పురుగులు (ఎవరూ పెంచకుండా వాటంతటవే బతికేవి) ఎక్కువగా వచ్చిన చోటల్లా కాయ కట్టడం పెరిగింది. తేనెటీగల రాక వల్ల స్పష్టంగా పెరిగినవి 14 శాతం వ్యవస్థలే. పెట్టెలు వద్దని దీని అర్థం కాదు. పెట్టె తెచ్చి అడవి పురుగు స్థానంలో కూర్చోబెట్టలేమని అర్థం.

బాలానగర్_తోట

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, మా పంట పేరు ఎవరూ ఎత్తలేదు. మాది సీతాఫలం. చెట్టు నిండా పువ్వే, కాయ మాత్రం నాలుగు. పెట్టెలు పెట్టించాను, ఒక్క ఈగ కూడా ఆ పువ్వు వైపు చూడలేదు. మన్యం_మొక్క అక్కా, ఏం చేయాలి?

మన్యం_మొక్క

తమ్ముడూ, సీతాఫలం పువ్వు తలకిందులుగా వేలాడుతుంది, రెక్కలు మందంగా ఉంటాయి, తేనెటీగకు అక్కడ పనిలేదు. దానిలోకి దూరేవి బియ్యపుగింజ కంటే చిన్న పెంకుపురుగులు. ఇంకో చిక్కు: పువ్వు ముందు ఆడదిగా ఉంటుంది, తర్వాత మగదిగా మారుతుంది. రెక్కలు కొంచెమే విచ్చుకున్నప్పుడు కీలాగ్రం సిద్ధం. పూర్తిగా విచ్చుకుని పుప్పొడి రాలే సరికి ఆ పువ్వు ఆడ దశ దాటిపోతుంది. అందుకే తన పుప్పొడి తనకే పనికిరాదు.

ఆ పెంకుపురుగులు కుళ్లిన పండ్లలో పెరుగుతాయి. తోట ఒక మూల కొన్ని మాగిన పండ్ల కుప్ప ఉంచితే అవి చేరతాయి. పండు ఈగ బెడద ఉంటే మాత్రం కుప్పను వదిలేయకుండా మారుస్తుండాలి. ఈలోపు చేత్తో చేసి చూడు: పూర్తిగా విచ్చిన పూల నుంచి పుప్పొడి చిన్న డబ్బాలో రాల్చి, పొద్దున్నే సన్న బ్రష్‌తో సగం విచ్చిన పూల లోపల తిప్పు.

తేనెపట్టు_కృష్ణా

సరే చెల్లెమ్మా, సీతాఫలం తోటకు పెట్టెలు అమ్మినవాడిది మోసమే అంటాను. అయినా డబ్బు విషయంలో నా మాట మారదు, మిషన్ డబ్బు పెట్టెలకే పోవాలి. పువ్వు చూసే మనిషికి విడిగా పోస్టు అడుగుదాం. దానికి నా సంతకం ఉంటుంది.

మన్యం_మొక్క

విడిగా పోస్టు అడగడానికి నేను సిద్ధం. కానీ అడవి అంచు తోటల్లో పెట్టెలు దించేముందు అక్కడ ఇప్పటికే ఏ పురుగులున్నాయో ఎవరైనా చూడాలన్న షరతు మిషన్‌లోనే ఉండాలి. అది వదులుకోను. అధికారులకు అర్జీ రాయాలంటే చేతిలో లెక్కలు ఉండాలి కాబట్టి తోట ఉన్నవాళ్లు ఈ సీజన్‌లో ఒక చిన్న పని చేయండి. మొగ్గలు మూడు గుంపులు తీసుకోండి. ఒక గుంపుకు సన్న వలగుడ్డ సంచి కట్టండి, ఏ పురుగూ దూరకూడదు; పురుగు లేకుండా ఎంత కాయ కడుతుందో అది చెబుతుంది. రెండో గుంపును అలాగే వదిలేయండి. మూడో గుంపుకు మీరే బ్రష్‌తో పుప్పొడి అంటించండి. రెండోదానికంటే మూడోదానికి కాయ బాగా ఎక్కువ నిలిస్తే మీ తోటలో పురుగులు చాలడం లేదన్నమాట. పంట పేరు, పూత తేదీ, ఎన్ని మొగ్గలకు ఎన్ని కాయలు, పక్క చేలో ఆ వారం కొట్టిన మందు పేరు, ఇవన్నీ ఇక్కడే రాయండి. వంగ రైతులు ముందుగా మొదలుపెడితే మేలు, పూతకు ఎక్కువ రోజులు ఆగనక్కర్లేదు.