నిల్వ ఉంచిన సిగార్ రుచి గురించి అనుభవజ్ఞుల సలహా కావాలి

మాది టంగుటూరు ప్రాంతం. బ్యారన్లలో (ఆకు ఆరబెట్టే గదుల్లో) వేడిగాలితో క్యూరింగ్ చేసే వర్జీనియా పొగాకు మధ్యనే పెరిగాను గానీ, సిగార్ ఆకును గాలికి ఆరబెట్టి, మండెలు (కుప్పలు) వేసి మాగబెడతారు కనుక ఆ పరిచయం ఇక్కడ అంతగా అక్కరకు రావడం లేదు.

మా బావగారు దుబాయ్ నుంచి తెచ్చిన నికరాగువా సిగార్లను స్పానిష్ సెడార్ చెక్క పెట్టెలో, సుమారు 65 శాతం తేమలో దాచాను. మొదట్లో ముక్కుకు తగిలిన అమ్మోనియా ఘాటు, గొంతులో మిరియాల మంట బాగా తగ్గి, ఇప్పుడు ఎండుఖర్జూరం లాంటి తీపి పైకి వస్తోంది. అందరూ దీన్నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం (మాది కారాలు తినే జిల్లా మరి) ఆ మంటే బాగుండేది.

ఇది ఆకులో వచ్చిన మార్పా, లేక నా నాలుకే అలవాటు పడిందా అన్నది తేల్చుకోవడానికి, అదే రకం కొత్త సిగార్‌ను పక్కన పెట్టుకొని పోల్చి చూడడం కాక మరేదైనా పద్ధతి ఉందా? తేలికపాటి రకాలు ఎక్కువకాలం ఉంచితే చప్పబడతాయంటారు. ఘాటైనవాటిని ఎంతకాలం ఉంచవచ్చు? 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పొదిగే ప్రమాదం ఉంది కనుక, ఏసీ లేని ఇంట్లో మా వేసవిని ఎలా గట్టెక్కించాలో కూడా దయచేసి చెప్పగలరు.