వెంకటా, వేంకటా? అసలు ‘వేం’ అంటే ఏమి?

తిరుపతిలో ఒక అంగడి బోర్డు మీద వెంకటేశ్వర, పక్కదాని మీద వేంకటేశ్వర. ఏది సరి? ‘వేం’ అంటే పాపం, ‘కట’ అంటే కాల్చేది అంటారు. సంస్కృతంలో ఆ ధాతువు ఉందా?

— ఆ అర్థం తిరుమల కొండ స్థలపురాణం వేంకటాచల మాహాత్మ్యంలోది: ‘సర్వపాపాని వేం ప్రాహుః కటస్తద్దాహ ఉచ్యతే’. అందులోనే ఇంకోచోట ‘వేం’ అమృతబీజం, ‘కట’ ఐశ్వర్యం. అంటే ఇది నిరుక్తి, పేరును విడదీసి అర్థం చెప్పుకోవడం; వ్యాకరణం కాదు. సంస్కృత ధాతువుల పట్టిక ధాతుపాఠంలో ఉన్నది ‘కటే వర్షావరణయోః’: కురవడం, కప్పడం. కాల్చడం లేదు.

— దీర్ఘం సంగతి పద్యాల్లో తేలదా?

— తెలుగు పద్యంలో తేలదు. సున్న ఉంది కాబట్టి ‘వెం’ అయినా ‘వేం’ అయినా గురువే, గణం మారదు. యతికి ఎ, ఏ ఒకటే. ప్రాసకు గురువూ బిందువూ కుదిరితే చాలు. సాక్ష్యం అరవంలో ఉంది. వాళ్ళ ఎదుగైలో, అంటే మన ప్రాస లాంటి నియమంలో, రెండో అక్షరం కలవడమే కాదు, మొదటి అక్షరం హ్రస్వమో దీర్ఘమో కూడా కలవాలి. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు పాడిన తిరువాయ్‌మొళిలో 3-3-6 పాశురం చూడండి. నాలుగు పాదాల మొదళ్ళు: వేంగడంగళ్, తాంగళ్, వేంగడత్తు, ఆంగడమై. అన్నీ దీర్ఘాలే.

ఆ మొదటి మాటను విడదీస్తే ‘వేమ్ కడంగళ్’, అప్పులు కాలిపోతాయి అని. కొండ పేరు మీద శ్లేష! సంస్కృత నిరుక్తిలో ‘వేం’ కాలేది. ఇక్కడ ‘వేమ్’ అంటేనే కాలడం. భాగాలు తారుమారైనా ఫలం ఒకటే.

— మరి హ్రస్వం ఎట్లొచ్చింది?

— అచ్చతెలుగులో దీర్ఘం మీద నిండుసున్న నిలవదు, అరసున్నే: వాఁడు, తేఁటి. సున్నను వదలని నాలుక దీర్ఘాన్ని కుదించుకుంది, నాకు తోచింది ఇదే.

— బోర్డు మీద ఏం రాయమంటారు?

— దేవుడి పేరైతే వేంకటేశ్వర. సంస్కృతంలో హ్రస్వ ఎకారమే లేదు గదా, సమాసంలో ‘వెం’ పొసగదు. మనుషుల పేర్లు మాత్రం దిద్దకండి. ఆధార్‌లో వెంకటరమణ అని ఉంటే పత్రాల్లోనూ అదే ఉండాల, దీర్ఘం పెడితే బ్యాంకులో చిక్కు. వెంకన్న, ఎంకటేసు ఎప్పుడో తెలుగైపోయినాయి. ‘వేంకన్న’ అని ఎవరు పిలుస్తారు?