ఇంజన్ ఆగిన చిన్న విమానం రన్‌వేకి ఎందుకు తిరిగి రాలేదు?

ప్రశ్న — విహంగం
2015 మార్చి 5న నటుడు హారిసన్ ఫోర్డ్ నడుపుతున్న పాతకాలపు రయన్ పీటీ-22 విమానం శాంటా మోనికా విమానాశ్రయం నుంచి లేచిన కాసేపటికే ఇంజన్ శక్తి కోల్పోగా, ఆయన దానిని పక్కనే ఉన్న పెన్‌మార్ గోల్ఫ్ మైదానంలో దించారని చదివాను. రన్‌వే అంత చేరువలో ఉండగా మైదానంలో ఎందుకు దిగవలసి వచ్చింది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు — శిక్షణార్థి
ఇంజన్ ఆగాక పైలట్ దగ్గర మిగిలేది ఎత్తు ఒక్కటే. నేను నేర్చుకుంటున్న సెస్నా 172లో సుమారు 65 నాట్ల (గంటకు దాదాపు 120 కిలోమీటర్ల) వేగాన్ని నిలబెట్టుకుంటే, వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు రెండున్నర కిలోమీటర్లు తేలుతూ పోవచ్చు. అయితే అది గాలి లేనప్పుడు తిన్నగా వెళ్తే వచ్చే లెక్క. వెనక్కి తిరిగేటప్పుడు విమానం పక్కకు జరిగిపోతుంది కాబట్టి, అదే రన్‌వేకి ఎదురుగా రావాలంటే 180 డిగ్రీలు చాలవు, ఇంకా తిరిగి మళ్లీ సరిచేసుకోవాలి. పైగా 45 డిగ్రీలు వాలి తిరిగితే స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, సుమారు 19 శాతం పెరుగుతుంది. గురువుగారు థ్రాటిల్ (ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే మీట) వెనక్కి లాగి ఇంజన్ ఆగినట్టు చేసిన ప్రతిసారీ, ముక్కు దించాలని తెలిసి కూడా నా చెయ్యి దానిని పైకే లాగబోతుంది. తక్కువ ఎత్తులో, మలుపు మధ్యలో ఆ పొరపాటు జరిగితే విమానం గింగిరాలు తిరుగుతూ కూలుతుంది.

జవాబు — స్పానర్
ఫోర్డ్ కూడా మొదట వెనక్కి వస్తానని టవర్‌కు చెప్పారు. రన్‌వే అందదని తేలాకనే మైదానం వైపు వెళ్లారు. దారిలో విమానం ఒక చెట్టు కొమ్మలకు తగిలింది. ఆయనకు తీవ్ర గాయాలయ్యాయి, నేలమీద ఎవరికీ దెబ్బ తగలలేదు.

కారణం మాత్రం చాలా చిన్నది. కార్బురేటర్‌లోని ప్రధాన జెట్ మర వదులై తన చోటి నుంచి ఊడిందని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. పాత మోటారు సైకిల్ కార్బురేటర్ విప్పినవారికి ఆ జెట్ పరిచయమే: పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ముక్క. అది ఊడితే గాలికి తగిన పాళ్లను మించి పెట్రోలు చేరి ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. భుజాల బెల్టును సీటు వెనుక సరిగా బిగించకపోవడం వల్ల గాయాలు మరింత తీవ్రమయ్యాయని కూడా ఆ నివేదిక చెప్పింది. నా దృష్టిలో మెకానిక్కులు ఎక్కువగా ఆలోచించవలసినది దీని గురించే.

ప్రశ్న — విహంగం
ధన్యవాదాలండి. మరి నేల తాకే ముందు పైలట్ ఏమేమి చేయాలి?

జవాబు — శిక్షణార్థి
దిగవలసిందేనని ఖాయమయ్యాక మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాళ్లను మార్చే మీట) పూర్తిగా లాగి, ఇంధనం కట్టేసి, ఇగ్నిషన్ ఆపుతాము. దున్నిన పొలమైతే చాళ్ల వెంబడే దించాలి, అడ్డంగా కాదు. తలుపుల గడియలు గాలిలో ఉండగానే తీసి పెడతాము, ఎందుకంటే దెబ్బకు చట్రం వంగితే తలుపు బిగుసుకుపోయి తెరుచుకోదు.