నెట్ పోతోందని నిరూపించాల్సింది ఎవరు? చందాదారుడా, సంస్థా?

బ్రాడీపేట లెక్కల టీచరు:
మాది గుంటూరు. మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. ఈ నెలల్లో అక్కడ సాయంత్రం ఆరున్నర అయితే మనకు మధ్యాహ్నం రెండు అవుతుంది, సరిగ్గా ఆ వేళకే మా ఫైబర్ నెట్ పోయి వస్తుంటుంది. పోయిందంటే మళ్లీ రావడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఈలోగా పిల్లలు చూసి చూసి వెళ్లిపోతారు. ఏప్రిల్ నుంచి మూడు కుటుంబాలు మానేశాయి. నేను ఐదుసార్లు ఫిర్యాదు చేశాను. ఐదుసార్లూ సాయంత్రం ఆరు దాటాక మనిషి వచ్చి, తన ఫోనులో స్పీడు పరీక్ష చేసి, వంద ఎంబీపీఎస్ వస్తోందని చూపించి, లోపం మా వైఫైలోనే ఉందని చెప్పి వెళ్లాడు. రెండుసార్లు అతను మా మెట్లు ఎక్కకముందే ఫిర్యాదు పరిష్కారమైందన్న సందేశం నా ఫోనుకు వచ్చింది. ఇప్పుడు కాల్ సెంటరువారు ఆధారం ఉంటే పంపమంటున్నారు. నెలనెలా డబ్బు కట్టేదీ నేనే, లైను పోతోందని రుజువు చేయవలసిందీ నేనేనా?

సర్వర్ గది (హైదరాబాద్):
టీచరు గారూ, న్యాయం ఎవరి వైపు ఉన్నా రుజువు మీ చేతిలో ఉండటమే మీకు రక్ష. ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా లాన్ కేబుల్‌తో రూటర్‌కు కలపండి. మూడు కమాండ్ విండోలు తెరిచి, ఒకదానిలో మీ రూటర్‌కు (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదానిలో ట్రేసర్ట్ (దారిలోని రూటర్లను వరుసగా చూపే ఆదేశం) కొడితే కనిపించే రెండో అడ్రసుకు, మూడోదానిలో 8.8.8.8కు (గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ నడపండి, అంటే అవతలి యంత్రం పలుకుతోందో లేదో అడుగుతూ ఉండండి. మొదటిదే ఆగితే లోపం ఇంట్లో ఉన్నట్టు. మొదటిది నడుస్తూ మిగిలిన రెండూ ఆగితే లోపం మీ గోడ దాటి సంస్థ లైనులో ఉన్నట్టు. మూడోది ఒక్కటే ఆగితే ఇంకా పైన ఎక్కడో ఉన్నట్టు. మూడూ పలుకుతూనే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది చాలావరకు డీఎన్ఎస్ (సైటు పేరును అడ్రసుగా మార్చే ఏర్పాటు) తగాదా. విండోస్ పింగ్ తనంతట తాను వేళను ముద్రించదు కనుక పవర్‌షెల్‌లో ప్రతి వరుసకూ గడియారం జతచేసే చిన్న ఆదేశం పెట్టుకోవాలి, ఎందుకంటే వేళ లేని లాగ్‌తో (నమోదుతో) ఎవరినీ ఒప్పించలేరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల క్రితం మా నాన్నగారు డాక్టరుతో వీడియోలో మాట్లాడుతుండగా లైను మూడుసార్లు తెగింది. అప్పుడు నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు, అందుకే నా మాట ఎవరూ నమ్మలేదు.

రాత్రి షిఫ్టు:
ముందు రూటర్ అడాప్టర్ మార్చి చూడండి. మా ఇంట్లో నెలరోజుల తిప్పలకు అదే కారణమని చివరికి తేలింది.

పదిహేనేళ్ల లైన్‌మ్యాన్:
నేను ఫైబర్ లైన్ల మీద పనిచేసేవాణ్ణి, అందుకే ఈ చర్చ చదివి ఊరుకోలేకపోతున్నాను. నా అనుభవంలో నెట్ రావడం లేదన్న ఫిర్యాదుల్లో సగానికి పైగా లోపం ఇంట్లోనే ఉంటుంది. రూటర్‌ను ఇనుప బీరువా వెనక పెడతారు. పక్క వాటాల వైఫైలన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకే ఛానెల్ మీద ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటాయి, ఆ బ్యాండులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. ఫైబర్ వైరును తలుపు సందులో నొక్కేస్తారు. ఇవేవీ చూడకుండా మూడు కిటికీల పింగులు తీసి పైవాళ్లకు పంపితే, దాని వల్ల లైను బాగుపడదు, ఆ వీధికి వెళ్లే మనిషి జీతంలో కోత మాత్రం పడుతుంది. లాగ్ పక్కనపెట్టి, నెట్ పోయిన క్షణంలో ఎర్ర లాస్ దీపం (ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని చూపేది) వెలిగిందా లేదా అన్నది చూడండి చాలు.

విశ్రాంత ఇంజనీరు (టెలిఫోన్లు):
సర్వర్ గది గారి పద్ధతిలో ఒక తప్పు ఉంది. ట్రేసర్ట్‌లో కనిపించే రెండో అడ్రసు పింగ్‌కు జవాబివ్వకపోయినంత మాత్రాన లైను తెగినట్టు కాదు. చాలా పెద్ద రూటర్లు దారినపోయే ట్రాఫిక్‌ను పంపడానికే ముందు చోటిచ్చి, తమను తట్టే పింగులకు తీరిక ఉంటేనే జవాబిస్తాయి. రెండోది ఆగి మూడోది నడుస్తుంటే దాన్ని లోపంగా రాయకూడదు.

సర్వర్ గది (హైదరాబాద్):
రెండూ కలిసి ఆగితేనే లెక్క అని నేను స్పష్టంగానే రాశాను. మీరు నా వాక్యం మళ్లీ చదవండి.

విశ్రాంత ఇంజనీరు (టెలిఫోన్లు):
మీరు రాశారు, నిజమే. అయితే చదివేవారు ఒక్క రెండో కిటికీలో "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" కనిపించగానే ఫోన్ ఎత్తుతారు. అలాంటి ఫిర్యాదుల వల్లే అసలు ఫిర్యాదులు పలుచనవుతాయి.

సర్వర్ గది (హైదరాబాద్):
అంటే చందాదారుడికి లాగ్ చదవడం రాదు కనుక రాయకూడదని మీ అభిప్రాయమా? ఈ ఇద్దరి మాటలూ కలిపి చూస్తే, కస్టమరు నోరు మూసుకుని దీపం వైపు చూస్తూ కూర్చోవాలని తేలుతోంది. లైన్‌మ్యాన్ గారు జీతం కోత గురించి చెబుతున్నారు కానీ, ఆరు గంటలకు వచ్చి ఫోనులో స్పీడు చూపించి వెళ్లిపోయిన మనిషి బద్ధకం గురించి ఒక్క మాట చెప్పలేదు.

బ్రాడీపేట లెక్కల టీచరు:
దయచేసి కోపాలు వద్దు. రెండువైపులా చెప్పినట్టే చేశాను. లాన్ కేబుల్ పెట్టి పద్దెనిమిది రోజులు లాగ్ తీశాను, లాస్ దీపం కూడా చూశాను. రూటర్ పింగ్ ఒక్కసారి కూడా తప్పలేదు. 8.8.8.8 ఆగిన ప్రతిసారీ రెండో అడ్రసూ ఆగింది. అవన్నీ మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగున్నర మధ్యనే ఉన్నాయి. ఎర్ర దీపం వెలిగి ఉండేది రెండు మూడు సెకన్లు మాత్రమే, కానీ నెట్ రావడానికి రెండు నిమిషాలు పడుతోంది. ఇది నాకు అర్థం కాలేదు.

పదిహేనేళ్ల లైన్‌మ్యాన్:
అమ్మా, అది మాత్రం సహజమే. వెలుతురు ఒక్క క్షణం తెగినా మీ ఇంట్లోని ఫైబర్ పెట్టె సంస్థ దగ్గరి యంత్రంలో మళ్లీ పేరు నమోదు చేసుకోవాలి, ఆ తరువాత పీపీపీఓఈ (పేరు, పాస్‌వర్డ్‌తో నెట్‌కు చేరే పద్ధతి) లాగిన్ మళ్లీ జరగాలి. రూటర్ పేజీలో "ఆప్టికల్ పవర్" లేదా "ఆర్ఎక్స్ పవర్" అని, అందే వెలుతురు బలం చెప్పే ఒక అంకె ఉంటుంది. దాన్ని పొద్దున ఏడుకు, మధ్యాహ్నం రెండున్నరకు, రాత్రి ఎనిమిదికి నాలుగు రోజులు రాసి ఇక్కడ పెట్టండి.

సర్వర్ గది గారికి: మీరు బద్ధకం అన్నారు. పోయిన వేసవిలో ఒక కస్టమరు ఇలాగే లాగ్ తీసి పై ఆఫీసుకు పంపాడు. నేను నాలుగుసార్లు ఎండలో నిచ్చెన వేసి స్తంభం ఎక్కి అతని లైను చూశాను, లైనులో ఏమీ లేదు. జంక్షన్ పెట్టెలో బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయినప్పుడల్లా వీధంతా పడిపోతోందని నెల తరువాత తేలింది. ఆ బ్యాటరీ మార్చడం నా చేతిలో లేదు. కానీ ఆ నెల నాలుగు ఫిర్యాదులూ నా పేరు మీదే "మళ్లీ తెరిచినవి"గా పడి, నాకు రావలసిన డబ్బులో కోత పడింది. మీ లాగ్ ఎవరి మెడకు చుట్టుకుంటుందో మీకు తెలియదు.

నెల్లూరు సీతారాంపురం:
మా వైపు కోతులు వైరు లాగేస్తాయి. దానికి ఏ పింగూ అక్కర్లేదు.

సర్వర్ గది (హైదరాబాద్):
మీకు జరిగింది అన్యాయమే, బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా నా వాదన మారదు. ఆ కస్టమరు లాగ్‌లో కరెంటు పోయిన వేళలు కూడా రాసి ఉంటే, బ్యాటరీ సంగతి నెలకు కాదు, రెండో రోజే తేలేది. మీకు కోత పడింది లాగ్ ఉన్నందుకు కాదు, ఆ లాగ్‌లో సగమే ఉన్నందుకు.

విశ్రాంత ఇంజనీరు (టెలిఫోన్లు):
మీరిద్దరూ మనిషి మీద, కాగితం మీద పోట్లాడుకుంటున్నారు కానీ అసలు రికార్డు ఎక్కడుందో ఎవరూ అడగడం లేదు. పూర్వం ల్యాండ్‌లైన్ పాడైతే 198కి ఫోన్ చేసేవారు. ఎక్స్ఛేంజీలో టెస్టు డెస్కు మీద కూర్చున్న మనిషి అక్కడి నుంచే మీ లైనును కొలిచి, తీగ తెగిందా, తడిసి లీకవుతోందా అని చెప్పగలిగేవాడు. రుజువు తెమ్మని చందాదారుణ్ణి అడిగిన రోజులు నాకు గుర్తులేవు. నేటి ఫైబర్‌లో ఆ సదుపాయం అంతకంటే ఎక్కువగా ఉంది. సంస్థ దగ్గరున్న ఓఎల్టీ అనే యంత్రం (ఇళ్ల ఫైబర్ లైన్లన్నీ చేరేది) ప్రతి ఇంటి పెట్టెకూ ఎంత వెలుతురు అందుతోందో అడిగి తెలుసుకోగలదు, అది ఏ వేళ తెగిందో నమోదు చేయగలదు. ఇంట్లో కరెంటు పోయి పెట్టె ఆగిపోతే ఆ పెట్టె చివరి క్షణంలో "డైయింగ్ గ్యాస్ప్" అనే సంకేతం పంపుతుంది, ఫైబర్ తెగితే ఆ సంకేతం రాదు. అంటే లోపం కరెంటుదా, వెలుతురుదా అన్నది పైన కూర్చున్నవారికి తెలిసే అవకాశం ఉంది. అలాంటప్పుడు టీచరు గారిని పద్దెనిమిది రోజులు ల్యాప్‌టాప్ ముందు ఎందుకు కూర్చోబెట్టాలి?

నిబంధనల సంగతి కూడా చెప్పాలి. 2006లో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలు నూటికి 90 లోపాలను మరుసటి పనిదినానికల్లా, 99 లోపాలను మూడు పనిదినాల్లో సరిచేయాలన్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. అయితే మూడు సెకన్లు పోయి తిరిగొచ్చే లైను ఇలాంటి గడువుల లెక్కకు సులభంగా అందదు. మనిషి వచ్చేసరికి అది బాగానే ఉంటుంది, ఫిర్యాదు మూసేస్తారు, గడువు లోపలే సరిచేసినట్టు కాగితం మీద ఉంటుంది.

పదిహేనేళ్ల లైన్‌మ్యాన్:
పెద్దాయన చెప్పిందే అసలు సంగతి, నేను ఇన్నాళ్లూ సరిగా చెప్పలేకపోయాను. ఓఎల్టీలో ఆ లెక్క ఉంటుంది. అది నాకు చూపించరు. నాకు వచ్చేది ఫోనులో ఒక ఇంటి అడ్రసు, ఒక గడువు. ఆ ఇంట్లో మధ్యాహ్నం రెండుకు వెలుతురు పడిపోతోందని నాకు ఎవరైనా చెబితే నేను ఆరింటికి ఎందుకు వెళ్తాను? రెండుకే వెళ్తాను కదా. నాకు లాగ్ మీద కోపం లేదు. అది నాకు కాకుండా నా నెత్తి మీదుగా పైకి వెళ్తోందనే నా బాధ.

సర్వర్ గది (హైదరాబాద్):
అలాగైతే మన ఇద్దరి మధ్య తేడా ఒక్కటే మిగిలింది. మీరు ముందు లైన్‌మ్యాన్‌కు ఇవ్వమంటున్నారు, నేను డాకెట్ నంబరుతో (ఫిర్యాదు నమోదు సంఖ్యతో) సహా సంస్థకే ఇవ్వమంటాను. ట్రాయ్ 2012 ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ఫిర్యాదు కేంద్రం మాట వినకపోతే సంస్థలోనే ఉన్న అప్పిలేట్ అథారిటీకి (అప్పీలు వినేవారికి) వెళ్లవచ్చు. అక్కడ డాకెట్ నంబరు అడుగుతారు, లైన్‌మ్యాన్‌కు చూపించామన్న మాట చెల్లదు.

బ్రాడీపేట లెక్కల టీచరు:
నాలుగు రోజుల అంకెలు రాశాను, నాలుగు రోజులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. పొద్దున ఏడుకు −23.1, మధ్యాహ్నం రెండున్నరకు −27.8, రాత్రి ఎనిమిదికి −24.9. ఇందులో ఏది మంచిదో నాకు తెలియదు.

పదిహేనేళ్ల లైన్‌మ్యాన్:
డీబీఎం అంటే వెలుతురు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ. మామూలుగా ఇళ్లలో పెట్టే రకం పెట్టెకు −27 డీబీఎం వరకే భరోసా ఉంటుంది. మీది మధ్యాహ్నం ఆ గీత దాటుతోంది. పొద్దున అందే వెలుతురులో మూడో వంతే మధ్యాహ్నం అందుతోందని ఆ అంకెలకు అర్థం. వైఫైకి దీనితో సంబంధం లేదు, ఈ విషయంలో మీ ఇంటికి వచ్చిన మనిషిదే పొరపాటు. అమ్మా, మీ లైను డాబా మీద ఎక్కడైనా అతికి ఉందా? ఎండ పడే గోడ మీద పెట్టె ఏదైనా ఉందా?

బ్రాడీపేట లెక్కల టీచరు:
నీళ్ల ట్యాంకు పక్కన, పడమటి గోడకు, చిన్న తెల్ల ప్లాస్టిక్ పెట్టె ఉంది. పోయిన డిసెంబరులో వైరు తెగితే అక్కడ కలిపారు. మధ్యాహ్నం దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

పదిహేనేళ్ల లైన్‌మ్యాన్:
అదే అయి ఉండాలి. చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టరు వేసి ఉంటారు. లోపల రెండు గాజు పోగుల కొసలు కేవలం ఒత్తిడి మీద ఆని ఉంటాయి. ఎండకు ప్లాస్టిక్ సాగితే ఆ కొసలు వెంట్రుకలో ఎన్నో వంతు పక్కకు జరిగినా వెలుతురు కారిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ ఆనుకుంటుంది. దాన్ని తీసేసి మెషీన్‌తో కరిగించి అతికే ఫ్యూజన్ స్ప్లైసింగ్ చేయించమనండి, పెట్టెను నీడకు మార్పించండి. మీరు మాత్రం ఆ పెట్టె తెరవకండి. తెగిన కొసలోకి కంటితో చూడటం మంచిది కాదు, ఆ కాంతి కంటికి కనిపించదు.

రాత్రి షిఫ్టు:
ఇంత చిన్న పెట్టె కోసం ఐదు ఫిర్యాదులా!

బ్రాడీపేట లెక్కల టీచరు:
నిన్న పని పూర్తయింది. ఈసారి కాల్ సెంటరుకు లాగ్ పంపి డాకెట్ నంబరు తీసుకున్నాను, దానితోపాటు మా వీధి లైన్‌మ్యాన్‌కు కూడా అవే అంకెలు వాట్సాప్ చేసి మధ్యాహ్నం రెండుకే రమ్మన్నాను. వచ్చాడు. తన మీటరు పెట్టి చూసి, కనెక్టరును అరచేతిలో పట్టుకుని కొంచెం ఒత్తగానే అంకె మారడం నాకూ చూపించాడు. ఆ తరువాత స్ప్లైసింగ్ మెషీన్ ఉన్న ఇంకొకరిని పిలిపించి అతికించాడు. ఈ రోజు రెండున్నరకు −19.6 ఉంది, క్లాసు ఒక్కసారి కూడా ఆగలేదు.

వెళ్లేటప్పుడు అతను ఒక మాట అడిగాడు. నా ఐదు ఫిర్యాదులకూ అతనికి పోయిన నెల కోత పడిందట. డిసెంబరులో ఆ కనెక్టరు వేసింది తాను కాదని, వెలుతురు పడిపోయేది మధ్యాహ్నం మాత్రమేనని కాగితం మీద రాసి ఇవ్వగలనా అన్నాడు. ఎవరు వేశారో నేను చూడలేదు కనుక అది రాయలేదు. వేళలు, అంకెలు, డాకెట్ నంబర్లు మాత్రం వరుసగా రాసి సంతకం చేసి ఇచ్చాను.