ట్రాక్ డేలో కొత్తవాళ్ల పక్కన ఇన్‌స్ట్రక్టర్‌గా కూర్చోవాలా? ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?

అనంత_స్టీరింగ్ (అనంతపురం)

అందరికీ నమస్తే. అనంతపురంలో డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తున్నాను. వీలు దొరికినప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి సొంత కారులో వెళ్లి నడుపుతుంటాను, అదొక పిచ్చి. ఇప్పుడు మన ఊరివాళ్లు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు కలిసి అదే ట్రాక్‌లో ఒక రోజు పెట్టుకుంటున్నారు. రేసు కాదు, టైమింగ్ ఉండదు, ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని నడుపుకోవడమే. మొదటిసారి వచ్చేవాళ్ల పక్కన కూర్చుని ఎక్కడ బ్రేక్ వేయాలో, ఎక్కడ తిప్పాలో చెప్పమని నన్ను అడిగారు, రోజుకి కొంత డబ్బు కూడా ఇస్తామన్నారు.

నా టెన్షన్ ఏంటంటే, స్కూలు కారులో నా వైపు కూడా పెడల్ ఉంటుంది, పిల్లవాడు తడబడితే నేనే తొక్కేస్తాను. ఇక్కడ నా చేతిలో ఏమీ ఉండదు, నోరు తప్ప. ముక్కూమొహం తెలియని మనిషి, వాడి కారు, వాడి బ్రేకులు, నూట యాభై స్పీడు. అందరి దగ్గరా 'మా ఇష్టంతోనే వచ్చాం, ఏం జరిగినా ఎవరినీ అడగం' అని సంతకం పెట్టించుకుంటున్నారట. ఆ కాగితం నన్ను కాపాడుతుందా? పక్కవాడికి ఏమైనా అయితే నా మీద కేసు వస్తుందా? నాకే ఏమైనా అయితే ఇంట్లోవాళ్లకి ఏం వస్తుంది? ఇంకోటి, ముందుగా ప్రాక్టీస్ కోసం ఊరి బయట ఖాళీగా ఉన్న వెంచర్ రోడ్ల మీద ఒక ఆదివారం పెడదామని కూడా అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

కొండారెడ్డి_బురుజు_వకీలు (కర్నూలు)

ముందు ఆ వెంచర్ ఆలోచన మానేయమని చెప్పు తమ్ముడూ. లేఅవుట్‌కి అప్రూవల్ వచ్చిందంటే లోపలి రోడ్లు పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ కింద రాసిచ్చేసి ఉంటారు. ఇళ్లు లేకపోయినా అది జనం నడిచే రోడ్డే. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో రేసు గానీ స్పీడు పరీక్ష గానీ పెట్టకూడదు, అందులో పాల్గొనకూడదు. మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష సంగతి పక్కన పెట్టు. గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన అడ్డం వస్తే ఎవరు సమాధానం చెబుతారు?

ఇక సంతకం కాగితం. దానికి అసలు విలువ లేదని అనను. ఆటలో సహజంగా ఉండే ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకున్నాడని చూపించడానికి అది పనికొస్తుంది. అయితే ఒప్పుకున్నది ఆటలోని ప్రమాదాన్నే, మీ నిర్లక్ష్యాన్ని కాదు. అరిగిపోయిన టైర్లతో ఉన్న కారుని ట్రాక్ మీదకి వదిలితే, ఎర్ర జెండా ఊపాల్సినవాడు ఫోన్ చూసుకుంటూ ఉంటే, కాగితం అడ్డం పెట్టుకోలేరు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది, అవతలి లాయరు అక్కడే పట్టుకుంటాడు.

క్రిమినల్ కేసుకి ఆ కాగితంతో సంబంధమే లేదు. ప్రాణం పోతే పోలీసులు భారతీయ న్యాయ సంహిత 106(1) కింద కేసు పెడతారు. పాత ఐపీసీ 304ఎ లో రెండేళ్ల వరకు జైలు ఉండేది, 2024 జులై 1 నుంచి ఐదేళ్ల వరకు చేశారు. చనిపోయినవాడి ఇంట్లోవాళ్లు 'మాకేం వద్దు' అన్నా కేసు దానంతట అదే పోదు, అది ప్రభుత్వం నడిపే కేసు. పక్క సీట్లో కూర్చున్నవాడిని వెంటనే దోషి అంటారని కాదు. క్రిమినల్ కేసులో నిర్లక్ష్యం తీవ్రంగా ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది డాక్టర్ల విషయంలో వచ్చిన తీర్పైనా మేం దాన్ని వాదనలో తెస్తాం. కానీ నువ్వు డబ్బు తీసుకుని, 'ఇంకా తొక్కు, ఏం కాదు' అని ఎగదోశావని సాక్షి చెబితే, కారులో పెట్టిన కెమెరాలో ఆ మాట రికార్డయితే, చాలా కష్టం.

సర్వేయర్_కడప

ఇన్సూరెన్స్ సంగతి నేను చెబుతాను, ఈ పనిలోనే ఉన్నాను. మీ ప్రైవేట్ కారు పాలసీ తీసి 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అన్న చోట చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్, వీటికి కవర్ లేదని రాసి ఉంటుంది. 'మాది రేసు కాదు సార్, టైమింగ్ లేదు' అని మీరు వాదించొచ్చు. కంపెనీవాళ్లు ట్రాక్ బుకింగ్ రశీదు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన వీడియో ముందు పెట్టి స్పీడ్ టెస్టింగే కదా అంటారు. కాబట్టి కారు డ్యామేజీకి ఏమీ రాదనే లెక్కలో ఉండండి.

దానికన్నా ముఖ్యమైనది మీ ఒంటికి సంబంధించిన పాలసీ. హెల్త్ పాలసీల్లో అందరికీ ఒకేలా ఉండే మినహాయింపుల్లో తొమ్మిదోది హజార్డస్ స్పోర్ట్స్, అందులో మోటార్ రేసింగ్ పేరు పెట్టి మరీ ఉంది. అక్కడ ఉన్న మాట 'ప్రొఫెషనల్‌గా పాల్గొంటే' అని. సరదాగా వచ్చి నడిపిన కుర్రాడికి ఆ మాట వల్ల క్లెయిమ్ దక్కొచ్చు. డబ్బు తీసుకుని కూర్చున్న నిన్ను మాత్రం ప్రొఫెషనల్ అనే అంటారు. రోజుకి ఇచ్చే ఆ కొంత డబ్బు కోసం లక్షల కవర్‌ని ప్రశ్నలో పడేసుకోకు. టర్మ్ పాలసీ కొత్తగా తీసుకుంటుంటే ప్రపోజల్ ఫారంలో ప్రమాదకరమైన ఆటలు ఆడతారా అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయి. దాచిపెడితే రేపు ఇబ్బంది పడేది నీ భార్యాపిల్లలే.

నిర్వాహకుల్ని అడగాల్సింది ఒకటే, ఆ ఒక్క రోజుకి ఈవెంట్ లయబిలిటీ పాలసీ తీసుకున్నారా, అందులో ఇన్‌స్ట్రక్టర్లకి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందా, నీ పేరు అందులో ఉందా. కాపీ చేతికి వచ్చేదాకా సీట్లో కూర్చోవద్దు.

లేట్_బ్రేకింగ్ (ధర్మవరం, ఇప్పుడు బెంగళూరు)

నేను ట్రాక్ డేల్లో పక్క సీట్లో కూర్చుంటాను కాబట్టి నాకు తెలిసిన మేరకు.

మాట సాయంతో బండి ఆపాలంటే ఆ మాట ముందే కుదుర్చుకోవాలి. బయల్దేరే ముందు 'నేను ఆపు అంటే ఎందుకని అడగకుండా బ్రేక్ మీద కాలు పెట్టాలి, పిట్ (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటు) అంటే ఆ ల్యాప్‌లోనే, అంటే ఆ రౌండులోనే, లోపలికి రావాలి' అని చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకుంటాను. హెల్మెట్లు పెట్టుకుని, కిటికీలు దించుకుని వెళ్తే గాలి హోరులో ఏమీ వినపడదు, ఇంటర్‌కామ్ లేకపోతే నేను ఎక్కను. స్టీరింగ్ జోలికి మాత్రం నువ్వు పోకు. స్కూల్లో అలవాటు కదా, చెయ్యి తనంతట తానే వెళ్తుంది, ఆ స్పీడులో పక్క నుంచి లాగితే కారు తిరిగిపోతుంది.

కారు విషయంలో మొహమాటం వద్దు. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారని అడుగు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ కనీసం 155కి పడిపోతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఆ తేడా తెలియదు. ట్రాక్‌లో నాలుగైదు ల్యాప్‌లకే బ్రేక్ మెత్తబడి పెడల్ నేలకి అంటుకుంటుంది, అప్పుడు నువ్వు ఎంత అరిచినా లాభం లేదు. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో (బిగువు ఎంతో చూపించే పానా) చూడాలి, సీటు కింద నీళ్ల సీసా ఉండకూడదు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. డ్రైవర్ సీటుకి నాలుగు పాయింట్ల బెల్టు వేయించుకుని, పక్క సీటుకి కంపెనీ బెల్టే వదిలేస్తారు. రెండు సీట్లకీ ఒకే రకం బెల్టు ఉండాలి. లేకపోతే ఆ కారు ఎక్కకు.

ట్రాక్ పెద్దదైనంత మాత్రాన భద్రత వచ్చేయదు. అదే చెన్నై సర్క్యూట్‌లో 2023 జనవరిలో ఒక సీనియర్ కార్ రేసర్, ఆగస్టులో 13 ఏళ్ల బైక్ రేసర్ చనిపోయారు. అవి లైసెన్స్ ఉన్నవాళ్లు పాల్గొన్న, అంబులెన్సూ డాక్టరూ ఉన్న పోటీలు. అమెరికాలో 2005లో కాలిఫోర్నియా స్పీడ్‌వేలో ఇలాంటి సరదా ట్రాక్ డేలోనే ఒక పోర్షే కరేరా జీటీ గోడని గుద్ది, నడిపేవాడూ పక్కన కూర్చున్నవాడూ ఇద్దరూ పోయారు. పిట్ నుంచి ఇంకో కారుని సరైన సమయం చూడకుండా వదిలారు, దాన్ని తప్పించబోతే ఇది అదుపు తప్పింది. పక్కన కూర్చున్నవాడు సంతకం పెట్టే ఎక్కాడు. అయినా వాళ్లావిడ కేసు వేస్తే 2007లో దాదాపు 45 లక్షల డాలర్లకి రాజీ అయింది. అందులో దాదాపు సగం డ్రైవర్ ఆస్తి నుంచి, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ట్రాక్‌వాళ్లూ నిర్వాహకులూ కట్టారు. చట్టం వేరు, దేశం వేరు, నిజమే. కానీ పిట్ ఎగ్జిట్‌లో నిలబడేవాడు ఎవరో, అతనికి ముందు ఎవరు నేర్పించారో, ఆ ప్రశ్న మాత్రం ఇక్కడా అడగాల్సిందే.

టర్బో_నంద్యాల

అన్నా, ఇన్ని అడిగితే ఎవరూ ట్రాక్ డేలు పెట్టరు. ఎంతో కష్టపడి పదిహేను మందిని పోగేస్తే పాలసీ, ఇంటర్‌కామ్, టార్క్ రెంచ్ అంటే ఖర్చు ఎక్కడికో పోతుంది. అప్పుడు కుర్రాళ్లు రాత్రిపూట ఎన్‌హెచ్ 44 మీదే తొక్కుతారు. అది ఇంకా ఘోరం కదా.

లేట్_బ్రేకింగ్

నంద్యాల తమ్ముడి బాధ నాకు అర్థమైంది, హైవే మీద తొక్కడం కన్నా ట్రాక్ వెయ్యి రెట్లు మేలు. ఖర్చు తగ్గించే దారి ఉంది, పక్క సీటే తీసేయండి. ఇన్‌స్ట్రక్టర్ తన సొంత కారులో ముందు వెళ్తాడు, వెనక ఇద్దరో ముగ్గురో కొత్తవాళ్లు అతని లైన్ (అతని కారు వెళ్లే దారి) పట్టుకుని వస్తారు, ఒక్కో ల్యాప్‌కి వెనక ఉన్నవాళ్లు స్థానం మార్చుకుంటారు. స్పీడు ముందున్నవాడి చేతిలో ఉంటుంది. ఓవర్‌టేక్ లేదు. ఎవరైనా అతనిని దాటితే ఆ రోజుకి ఇంటికి. మొదటిసారి వచ్చేవాళ్లకి ఇది చాలు, మూడు వందల హార్స్‌పవర్ కారు తెచ్చినవాడికైతే మరీనూ.

అనంత_స్టీరింగ్

అందరికీ చాలా థ్యాంక్స్, నిజంగా కళ్లు తెరిపించారు. వెంచర్ ప్రాక్టీస్‌కి రానని ఇప్పుడే గ్రూపులో పెట్టేశాను, ఇద్దరికి కోపం వచ్చింది, పర్లేదు. ట్రాక్ డేకి ముందు కారులో వెళ్లి నడిపించడానికైతే సిద్ధమే అని చెబుతాను. పక్క సీట్లో కూర్చోవాలంటే మాత్రం పాలసీ కాపీ, ఇంటర్‌కామ్, నచ్చని కారుకి వద్దని చెప్పే హక్కు నాకే ఉండాలి. వకీలన్నా, ఇవి ఫోన్లో మాట్లాడితే సరిపోతుందా? డబ్బు తీసుకోవాలా వద్దా?

కొండారెడ్డి_బురుజు_వకీలు (కర్నూలు)

మెయిల్‌లోనే అడుగు, వాళ్ల జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి. డబ్బు వద్దన్నా నీ బాధ్యత పోదు, నేర్పిస్తానని ఒప్పుకున్నాక జాగ్రత్త తీసుకోవాల్సిందే. కడప సర్వేయర్ గారు చెప్పిన ఆ 'ప్రొఫెషనల్' మాట కోసమైతే, పెట్రోలు, దారి ఖర్చులు మాత్రం తీసుకుని అలాగే రాయించు. నీ డ్రైవింగ్ స్కూల్ ఇన్‌స్ట్రక్టర్ అర్హత రోడ్డు మీద నేర్పించడానికి ఇచ్చింది, వాళ్ల పోస్టర్‌లో 'సర్టిఫైడ్ ట్రాక్ ఇన్‌స్ట్రక్టర్' అని నీ పేరు వేస్తుంటే ఆ మాట తీసేయించు.