సి3 (మూడో తరం) కార్వెట్: ఒక హెడ్‌లైట్ లేస్తోంది, ఇంకోటి బద్ధకిస్తోంది. వాక్యూమ్ పైపులు ఎక్కణ్ణుంచి చూడాలి?

ఆస్టిన్_రవి:
1977 కార్వెట్, ఎల్48 ఇంజన్, క్వాడ్రాజెట్ కార్బురేటర్. హెడ్‌లైట్లు వాక్యూమ్ తో, అంటే ఇంజన్ గాలి లాక్కునే బలంతో, పైకి లేచే రకం. లైట్ స్విచ్ లాగితే కుడి హెడ్‌లైట్ టక్కున లేస్తుంది, ఎడమది తీరిగ్గా వస్తుంది. ఒక్కోసారి సగంలోనే ఆగిపోతుంది. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ నడక) కూడా కాస్త ఎగుడుదిగుడుగా ఉంది. పాత ఓనర్ పైపుల్ని కరెంటు టేపుతో అతికించి వదిలేశాడు. వేట ఎక్కడ మొదలుపెట్టాలి? కిట్ మొత్తం కొనాలా, పాడైన ముక్కలు మారిస్తే చాలా? ఆస్టిన్ చుట్టుపక్కల ఈ పని తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉన్నారా?

ఫీనిక్స్_బాబాయ్:
మొత్తం పీకి పారెయ్ తమ్ముడూ. మా ఎండలకి రబ్బరు పైపు ముట్టుకుంటే బిస్కెట్‌లా విరిగింది. ఒక్కటి మారిస్తే పక్కది లీకవుతుంది. నేను నీలం సిలికాన్ పైపు చుట్ట కొని ముందు నుంచి వెనక దాకా వేసేశాను. మళ్ళీ బానెట్ ఎత్తింది ఆయిల్ చూడ్డానికే.

డెట్రాయిట్_గోపాల్:
నీలం సిలికానా! ఎన్.సి.ఆర్.ఎస్. (పాత కార్వెట్లని ఫ్యాక్టరీలో ఉన్నట్టే బాగుచేసుకునేవాళ్ళ సంఘం) జడ్జింగ్‌కి తీసుకెళ్ళండి, పాయింట్లు ఎలా కోస్తారో చూద్దురు. ఫ్యాక్టరీ పైపుల మీద రంగు గీతలు ఉంటాయి. అవి అందం కోసం కాదు, ఏ పైపు ఎక్కడికి పోతుందో చెప్పేవి అవే. అన్నీ ఒకే రంగు వేసుకుంటే రేపు రిలే (హెడ్‌లైట్‌కి వాక్యూమ్ మళ్ళించే వాల్వ్) మార్చేటప్పుడు ఏది ఎక్కడ పెడతారు?

ఫీనిక్స్_బాబాయ్:
నా కారు రోడ్డు మీద తిరగడానికి, తివాచీ మీద నిలబెట్టడానికి కాదు. రంగు గీతలు లేకపోతే మార్కర్ పెన్ను లేదా?

న్యూజెర్సీ_కిట్టు:
నాలుగు పైపులకే ఇంత హడావుడా? నాది 1994 మాజ్డా ఆర్ఎక్స్-7, ఇంజన్ 13బీ-ఆర్‌ఈడబ్ల్యూ. రెండు టర్బోలు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేవి) వంతులవారీగా పనిచేస్తాయి. మొదటిది కింద నుంచి లాగుతుంది, 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండోది అందుకుంటుంది. బూస్ట్ (ఆ గాలి ఒత్తిడి) 10 పీఎస్ఐ, అందుకునే చోట 8కి దిగి, మళ్ళీ 10. వీటిని నడిపే సోలనాయిడ్లు (కరెంటు వాల్వులు), పైపులు అన్నీ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌కి గాలి పంచే గొట్టాలు) కింద ఇరుక్కుని ఉంటాయి. ఒక్క పైపు ఊడితే రెండో టర్బో రాదు. ఏది ఊడిందో తెలియాలంటే మానిఫోల్డ్ దింపాల్సిందే. సిలికాన్ గురించి చెప్తా: పల్చటిది కొంటే వంపు దగ్గర వాక్యూమ్‌కి ముడుచుకుపోతుంది. మందం గోడ ఉన్నదే తీసుకోండి, జిప్ టై వేయండి.

డెట్రాయిట్_గోపాల్:
అదే నేను చెప్పబోయేది. ఇంకో మాట, పీసీవీ లైనుకి (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపే పైపు), పెట్రోల్ ఆవిరి తగిలే చోట సిలికాన్ అసలు వేయకూడదు. ఆయిల్ ఆవిరికి ఉబ్బి మెత్తబడిపోతుంది. "ముందు నుంచి వెనక దాకా" అన్నారుగా బాబాయ్, అవి కూడా మార్చేశారా?

ఫీనిక్స్_బాబాయ్:
నేనేం చిన్నపిల్లాణ్ణా? పీసీవీ, బ్రేక్ బూస్టర్ పైపులు వేరే రకం. నీకు తెలిసినంత నాకూ తెలుసు.

ఆటోనగర్_వాడు:
విజయవాడ నుంచి. మీ కారు నేను కళ్ళతో చూళ్ళేదు గానీ వాక్యూమ్ ఎక్కడైనా ఒకటే. డీజిల్ అంబాసిడర్లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుట్టదు, అందుకని డైనమో వెనక పంపు పెట్టారు, దాంతోనే బ్రేక్ బూస్టర్ నడుస్తుంది. ఆ పైపులు మార్చీ మార్చీ నా చేతులు అరిగాయి. లీకు పట్టడానికి మిషన్లు అక్కర్లేదు. మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస ఒక్కో జాయింటు దగ్గరికి తీసుకెళ్ళండి. గాలి పీల్చే చోట బుస్సుమని తెలిసిపోతుంది. ఫ్యాను జాగ్రత్త. మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు మొదటి వారంలోనే ఇది నేర్చుకుంటారు. మీరేమో చర్చలు పెట్టుకుంటున్నారు.

డెన్వర్_సుధ:
చర్చలు పెట్టుకుంటే తప్పేంటండీ? రవి గారూ, ముందు గేజ్ పెట్టి మానిఫోల్డ్ వాక్యూమ్ ఎంతుందో చూడండి. మంచి స్థితిలో ఉన్న స్టాక్ (మార్పులు చేయని) ఇంజన్‌కి సముద్ర మట్టం దగ్గర ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలత) రావాలి. ముల్లు కదలకుండా తక్కువ చూపిస్తే లీకు కావచ్చు, టైమింగ్ (స్పార్క్ పడే వేళ) వెనకబడి ఉండొచ్చు. ముల్లు వణుకుతుంటే వాల్వుల సంగతి చూడాలి. నా 1971 కారుకి 14 వస్తుంది, హెడ్‌లైట్లూ వైపర్ తలుపూ రెండూ చక్కగా లేస్తాయి. (అవును, 1972 దాకా వైపర్ల మీద తలుపు కూడా వాక్యూమ్ తోనే. ఇంకో తలనొప్పి.)

డెట్రాయిట్_గోపాల్:
14 అంటే లీకే. వెతకండి.

డెన్వర్_సుధ:
మేముండేది మైలు ఎత్తున. వెయ్యి అడుగులకి ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది. 14కి అయిదు కలిపి చూసుకోండి. తెలుసుకోకుండా లీకని తేల్చేయడం మీకు అలవాటే, పోయినసారి బ్రేకుల చర్చలోనూ ఇంతే.

డెట్రాయిట్_గోపాల్:
ఎత్తు సంగతి ముందే చెప్పాలిగా మేడమ్.

డెన్వర్_సుధ:
పేరులోనే డెన్వర్ ఉంది.

హైదరాబాద్_పాత_బెంజ్:
నవ్వాపుకోలేకపోతున్నా. మాది మెర్సిడెస్ డబ్ల్యూ123 డీజిల్. డోర్ లాకులు వాక్యూమ్ తోనే, ఇంజన్ ఆపడం కూడా వాక్యూమ్ తోనే. వెనక తలుపులో డయాఫ్రమ్ (లాకుని కదిపే రబ్బరు పొర) చిరిగితే తాళం తీసినా బండి ఆగదు! కీ జేబులో వేసుకుని దిగితే ఇంజన్ మాత్రం డుగుడుగుమంటూనే ఉంది. పెళ్ళికి వెళ్ళినప్పుడు బంధువులంతా చుట్టూ చేరి సలహాలు. పైనున్న స్టాప్ మీట నొక్కితే గానీ ఆగలేదు. హెడ్‌లైట్ లేవకపోవడం చాలా మర్యాదైన రోగం అన్నా.

కార్బ్_కింగ్:
ఇంత రామాయణం ఎందుకు? ఇంజన్ నడుస్తుండగా కార్బ్ క్లీనర్ కొట్టండి, ఐడిల్ మారిన చోటే లీకు. రెండు నిమిషాల పని.

ఆటోనగర్_వాడు:
వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పెట్రోల్ లాంటిది కొట్టమంటావా? అగ్గి అంటుకుంటే నువ్వొచ్చి ఆర్పుతావా?

కార్బ్_కింగ్:
ఎప్పటినుంచో కొడుతున్నా, ఏమీ కాలేదు.

ఆటోనగర్_వాడు:
ఏమీ కానంత వరకే అన్నీ బాగుంటాయి నాయనా. పొగ మిషన్ ఉన్నవాడు పొగ వదులుతాడు, లేనివాడు చెవి పెడతాడు.

ఆస్టిన్_రవి:
అందరికీ దండాలు. పైన ఎవరూ చెప్పలేదు గానీ ఒక పాత కార్వెట్ పెద్దాయన చెప్పిన చిట్కా పనిచేసింది: గోల్ఫ్ టీలు. ఆ చెక్క మేకులు ఈ పైపుల్లో బిగుతుగా పడతాయి. మానిఫోల్డ్ నుంచి హెడ్‌లైట్లకి వెళ్ళే మెయిన్ పైపు ఊడదీసి రెండు కొసలూ మూశాను. ఐడిల్ మారలేదు. అంటే ఐడిల్ రోగం వేరు, హెడ్‌లైట్ రోగం వేరు. తర్వాత ఎడమ రిలే, కుడి రిలే అటూ ఇటూ మార్చాను. బద్ధకం ఎడమ వైపే ఉండిపోయింది, కాబట్టి రిలే తప్పు కాదు. చేతిపంపు తీసుకుని ఎడమ యాక్చుయేటర్ (హెడ్‌లైట్‌ని ఎత్తి దించే డబ్బా) నిపిల్స్‌కి ఒక్కోదానికీ వాక్యూమ్ పెట్టాను. ఒక వైపు ముల్లు 18 దగ్గర నిలబడిపోయింది. కడ్డీ బయటికొచ్చే వైపు మాత్రం చూస్తుండగానే సున్నాకి జారింది. కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు సీల్ పగిలి ఉంది, వేలు పెడితే గాలి లాగడం తెలుస్తోంది. సీల్ కిట్ ఆర్డర్ పెట్టాను.

డెన్వర్_సుధ:
మంచి పని. బిగించాక పరీక్ష చేసేటప్పుడు వేళ్ళు దూరంగా పెట్టుకోండి, ఆ మూత దెబ్బ గట్టిగా తగులుతుంది. లైట్ స్విచ్ వెనకున్న వాక్యూమ్ వాల్వ్, స్టీరింగ్ కింద ఓవర్‌రైడ్ నాబ్, వాక్యూమ్ ట్యాంకు ముందున్న చెక్ వాల్వ్ (గాలిని ఒక్క వైపే పోనిచ్చేది) కూడా ఓసారి పంపు పెట్టి చూడండి. చెక్ వాల్వ్ పట్టకపోతే కారు ఆపాక ట్యాంకులో వాక్యూమ్ నిలవదు. ఐడిల్ కోసం వాక్యూమ్ అడ్వాన్స్ (స్పార్క్ వేళని ముందుకు జరిపేది) పైపు, కార్బురేటర్ కింది గ్యాస్కెట్ చూడండి.

ఫీనిక్స్_బాబాయ్:
సీల్ ఒక్కటే కాదు, పైపులు కూడా మార్చెయ్. సిలికాన్.

డెట్రాయిట్_గోపాల్:
రంగు గీతలది.

న్యూజెర్సీ_కిట్టు:
ఎవరైనా ఆర్ఎక్స్-7 సోలనాయిడ్ సెట్ అమ్ముతున్నారా? వాడినదైనా పర్లేదు, ఓమ్స్ కొలిచి పంపాలి. కార్వెట్ వాళ్ళు పక్కకి జరగండి.